కన్ను నిలిచిన రోజు

మిల్లులో నన్ను మెచ్చుకున్నది నా కళ్ళ కోసమే. అరవదేశంలో పీలమేడు పక్కన ఒక నూలు మిల్లు, అందులో నూలు వడికే రింగ్ ఫ్రేమ్ దగ్గర పని నాది. పొడుగాటి వరసలో కదుర్లు తిరుగుతుంటాయి, ఒక్కోదాని మీదికి ఒక్కో దారం దిగుతుంటుంది. ఎక్కడ తెగితే అక్కడికి పరుగెత్తి అతకాలి. చేరిన కొత్తలో నేను ఒక దారాన్నే చూస్తూ నిలబడితే మేస్త్రి వెనక నుంచి కేకేశాడు.

"ఏమిటికే ఒకే తావున గుచ్చి చూస్తావు? నువ్వు దీన్ని చూస్తా నిలబడితే అక్కడ వరసంతా తెగిపోతా ఉండాది. కన్ను నడవాల, కన్ను!"

ఆయనా మా తెలుగువాడే కాబట్టి తిట్టు ఇంటి భాషలోనే పడింది. కొన్నాళ్ళకు నా కన్ను నడక నేర్చుకుంది. చేయి ఏం చేస్తున్నా చూపు మాత్రం ఆ కొస నుంచి ఈ కొసకు పోతూ వస్తూ ఉండేది. ఇంటికొచ్చి అన్నం కలుపుకుంటున్నా అంతే. "నాతో మాట్లాడతా గోడల్ని ఏమిటికే చూస్తావు?" అని మా ఆయన నవ్వేవాడు. తర్వాత మిల్లు మూసేశారు. ఆ స్థలంలో ఇప్పుడొక అద్దాల ఆఫీసు ఉంది. నా కన్ను మాత్రం ఇంకా డ్యూటీ దిగలేదు.

కళ్ళజోడు మార్చుకుందామని కంటాసుపత్రికి వెళితే గ్లాకోమా అన్నారు. డాక్టరమ్మ నా కూతురి వయసుది, నెమ్మదిగా అరవంలో విడమరిచి చెప్పింది. కంటిలో ఒత్తిడి వల్ల వెనకున్న నరం కొంచెం కొంచెంగా చచ్చిపోతుందట. ముందు పక్క చూపు పోతుంది, ఎదురుగా ఉన్నది చివరిదాకా కనిపిస్తుంది. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోవాలి. నాకు చుక్కల మందు చాలుతుందా, ఆపరేషన్ చేయాలా? నా నరం పుట్టుకతోనే అలా ఉందో, చెడిపోయిందో ఫోటో చూసి తేల్చలేనంది. పక్క చూపు ఎంత ఉందో కొలిచే పరీక్ష ఒకటుంది, ఆ కాగితం సరిగ్గా రావాలంది. అంటే నా చూపు ఆ కాగితం మీద ఆధారపడి ఉంది.

పరీక్ష చీకటి గదిలో. ఒక కన్నుకు గంత కడతారు. గడ్డం ఒక పీట మీద ఆనించి, తెల్లటి గిన్నె లాంటి దానిలోకి చూడాలి. నడిమిలో ఒక దీపం వెలుగుతూ ఉంటుంది. చూపు దాని మీద నుంచి కదలకూడదు. చుట్టూ ఎక్కడెక్కడో చిన్న చుక్కలు మెరుస్తాయి, కొన్ని బాగా, కొన్ని ఉందా లేదా అన్నట్టు. మెరిసిందనిపిస్తే చేతిలో మీట నొక్కాలి. మిషన్ నడిపే అమ్మాయి పక్కనే కూర్చుని ఉంటుంది.

పక్కన ఏదో మెరిసిందంటే నా కన్ను ఆగుతుందా? తెగిన దారం అనుకుని పరుగెత్తింది. "అసైయాదీంగమ్మా, నేరా పారుంగ!" అని ఆ అమ్మాయి అరిచింది. కదలొద్దు, నేరుగా చూడమని. సరేనన్నాను. ఇంకో చుక్క మెరిసింది. మళ్ళీ పోయింది.

కాగితం తీసి చూసి ఆ అమ్మాయి నవ్వింది. ప్రతివాళ్ళ కంటిలోనూ ఏమీ కనిపించని చోటు ఒకటి ఉంటుందట. మిషన్ మధ్యమధ్యలో సరిగ్గా అక్కడే చుక్క వెలిగిస్తుంది. కన్ను నిలిచి ఉంటే అది కనిపించదు, మీట నొక్కరు. నొక్కారంటే కన్ను పక్కకు పోయిందని మిషన్‌కు తెలిసిపోతుంది. "మీరు ప్రతిసారీ దొరికిపోయారమ్మా, ఈ కాగితం నమ్మకానికి పనికిరాదు" అంది. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అంటారే, అలా మండింది నాకు. ఎన్నేళ్ళో అన్నం పెట్టిన చూపును పట్టుకుని దొంగ అంటుందా!

బయట బెంచీ మీద కూర్చున్న మా ఆయన లేచి "పాసా, ఫెయిలా?" అన్నాడు.

"ఫెయిలు."

"పదో క్లాసులోనూ అంతే కదే నువ్వు" అని నవ్వించబోయాడు.

తర్వాతి సారీ అదే అయింది. ఆ తర్వాతా అదే. కాగితం మీద మచ్చలైతే పడ్డాయి. కానీ ఏది నిజం మచ్చో, ఏది నా కన్ను తిరుగుడు వల్ల వచ్చిందో చెప్పలేనంది డాక్టరమ్మ. ఒత్తిడి పరవాలేదు, చుక్కలు వేసుకుంటూ ఉండండి, మళ్ళీ రండి అంది. ఇంట్లో సాధన కూడా చేశాను. బీరువా అద్దానికి నా బొట్టుబిళ్ళ అంటించి, ఎదురుగా కూర్చుని కన్నార్పకుండా చూసేదాన్ని. కిటికీలో తెర కదిలితే చాలు, కన్ను అటు పోయేది. చెంపలు వాయించుకోవాలనిపించేది.

ఈలోపల నా పక్కలు నన్ను వదిలేస్తున్నాయి. వీధిలో ఎడమ పక్క నుంచి వచ్చే బండి మీదికొచ్చి హారన్ కొడితేగాని తెలిసేది కాదు. తలుపు రెక్క భుజానికి తగిలేది. కూరలు తరుగుతుంటే పక్కనే పెట్టుకున్న గిన్నెను తడుముకునేదాన్ని. డాక్టరమ్మకు చెప్పాను. "నాకు పక్కన కనపడడం లేదు తల్లీ, ఆపరేషన్ చేసెయ్యండి" అన్నాను. ఆమె గోడ మీది అక్షరాలు చదవమంది. చివరి వరస దాకా గడగడా చదివేశాను. చేతివేళ్ళు పక్కన పెట్టి ఎన్నని అడిగింది. నా కన్ను చటుక్కున తిరిగి లెక్కపెట్టేసింది. ఆమె నిట్టూర్చింది. ఆపరేషన్‌లో ఉన్న చూపు పోయే ప్రమాదమూ ఉంది, నమ్మకమైన కాగితం లేకుండా కత్తి పెట్టలేనంది.

ఆమెను తిట్టుకోవడానికి కూడా లేదు, మంచి మనిషి. న్యాయంగానే మాట్లాడింది. అదే నా కడుపుమంట. కనపడడం లేదని కళ్ళున్న మనిషి నోటితో చెబుతుంటే, అది కాగితం కాదు కాబట్టి లెక్కలోకి రాలేదు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. కాగితాన్నీ నమ్మరు, నన్నూ నమ్మరు. ఇంటికొచ్చి మా ఆయన మీద అరిచాను. "ఆడలేక మద్దెల ఓడు అనొద్దే, నువ్వు కొంచెం గమ్మున చూడరాదా?" అన్నాడాయన. నాకు ఏడుపొచ్చింది. ఆయనకూ మిషన్ మాటే చెల్లింది.

అలా రెండు దీపావళులు దాటాయి. మొన్న మళ్ళీ ఆ చీకటి గదిలో కూర్చున్నాను. అదే అమ్మాయి, అదే పీట. నడిమి దీపాన్ని చూశాను. నా కన్ను ఎటూ పోలేదు. నాకే ఆశ్చర్యమేసింది. అప్పుడప్పుడు ఒక చుక్క, అదీ దీపం దగ్గరే. మధ్యలో చాలాసేపు ఏమీ మెరవలేదు. మిషన్ చెడిపోయిందేమో అనుకున్నాను. ఆ అమ్మాయి ఒక్కసారి కూడా అరవలేదు.

కాగితం రాగానే ఆ అమ్మాయి చప్పట్లు కొట్టినంత పని చేసింది. "సూపర్ మా! ఒక్కసారి కూడా దొరకలేదు మీరు. ఇంత నమ్మకమైన రిజల్టు మీకు ఇదే మొదలు."

నేనూ పొంగిపోయాను, ఎందుకు అబద్ధం చెప్పాలి. కాగితం పట్టుకుని డాక్టరమ్మ గదిలోకి పెళ్ళికూతురిలా నడిచాను. ఆమె చూసింది. రెండు కళ్ళ బొమ్మల్లోనూ నడిమిలో రూపాయి బిళ్ళంత తెలుపు, చుట్టూ చూపు లేని నలుపు.

"ఈసారి నమ్మొచ్చు కదా తల్లీ?" అన్నాను.

ఆమె తల దించుకుంది. కన్ను పక్కకు పోయిందో లేదో పట్టే చుక్క కూడా ఆ నలుపులోనే వెలుగుతుందట. కన్ను కాస్త అటూ ఇటూ తిరిగినా ఇప్పుడది నాకు కనిపించదు. అందుకే దొరకలేదు. నా కన్ను నిలవడం నేర్చుకోలేదు, పరుగెత్తి పోవడానికి దానికి ఏమీ మిగల్లేదు. చూపు ఉన్నన్నాళ్ళూ నన్ను దొంగన్న మిషన్, చూపు పోయాక నమ్మింది. ఆపరేషన్ చేద్దాం, ఆ నడిమి చూపునైనా నిలుపుకుందాం అంది డాక్టరమ్మ. చేతులు కాలాక ఆకులు అంటే ఇదే అనుకున్నాను. సరే అన్నాను. ఇంకేమంటాను?

బయట మా ఆయన రోడ్డు పక్క టీ బండి దగ్గర నిలబడి ఉన్నాడు. "పాసా, ఫెయిలా?" అన్నాడు.

"పాసైనాను" అన్నాను.

ఆయన ముఖం వెలిగిపోయింది. "నేను చెప్పలా? మనసు పెడితే అవతాదని!" అంటూ టీ గ్లాసు అందించాడు. నేను ఆయన ముఖాన్నే చూస్తూ నిలబడ్డాను. "ఏమే, పట్టుకోవే, చేయి కాలతా ఉండాది" అన్నాడు. గ్లాసు ఎటు పక్క పట్టుకున్నాడో నాకు తెలియలేదు.