బొప్పాయి పాలు, మేక పేగు

నిన్న నా పరువు ఎట్ల దక్కిందో వింటే మీరు నవ్వి చస్తరు. ఆ చాయ్ జర ఇటు జరుపుండ్రి, చెప్త.

మా కాలేజీల పాత స్టోర్ రూంను నేను ల్యాబ్ చేసుకున్న సంగతి తెలుసు గదా. మా నాయిన నరంల నెత్తురు గడ్డకట్టి పోయిండు. అప్పటి నుంచి నాదొకటే పంతం. ఆ గడ్డను కరగబెట్టే ఎంజైమ్‌ను బొప్పాయి పాలల్ల నుంచి తియ్యాలె! ప్రిన్సిపాల్ సారేమో, "సోమవారం నా కండ్ల ముంగట గడ్డ కరగాలె. లేకుంటే రూం బాటనీ వాళ్లకు ఇస్త" అన్నడు.

పెరట్ల కాయలన్నిటికి బ్లేడుతోని గీట్లు పెట్టి పాలు పట్టిన. వేళ్లు బొబ్బలెక్కినయ్. వడగట్టి, ఉప్పు వేసి ఎంజైమ్‌ను అడుక్కు దించిన. ఇంక ఆ ఉప్పు పోవాలె. సన్నటి పొర సంచిల పోసి నీళ్లల్ల వేలాడదీస్తే ఉప్పు బయటికి పోతది, ఎంజైమ్ లోపలనే ఉంటది. దానికి బొంబాయి నుంచి సెల్లోఫేన్ గొట్టం రావాలె. రాలే!

నేను ఆగుతనా? మటన్ కొట్టు ఖాదర్ భాయ్ దగ్గరికి పోయిన.

"భాయ్, సాఫ్ చేసిన మేక పేగు కావాలె."

"కూరకా సార్?"

"కాదు, సైన్స్‌కు!"

నన్ను కిందికి మీదికి చూసి, "మంచిది చూసి ఇస్త సార్, ఫికర్ చెయ్యకుండ్రి" అన్నడు.

ఆదివారం పొద్దున పేగుల ఎంజైమ్ పోసి, రెండు దిక్కులా దారంతోని ముడేసి, బకెట్ నీళ్లల్ల వేలాడదీసిన. రూంకు తాళమేసి, ఇంటికొచ్చి అన్నానికి కూసున్న. మటన్ నోట్లె పెడితే కరిగిపోతాంది!

"సుగుణా, ముక్క మస్తు ఉడికిందే!"

"మీరు చెప్పినట్టే పచ్చి బొప్పాయి నూరి పట్టిచ్చిన" అన్నది మా ఆమె.

చేతిల ముద్ద పళ్లెంల పడేసి లేచిన. బొప్పాయి... మాంసం... అయ్యో, పేగు!

సైకిలెక్కి ఉరికిన. తాళం తీసి చూస్తే దారానికి చిన్న పీలిక వేలాడుతాంది. తక్కిందంత బకెట్ల జావ! ఏడుపొచ్చింది. అయినా వదల్లే. ఎంజైమ్ ఈ నీళ్లల్లనే గదా ఉన్నది అని మూత పెట్టి ఉంచిన. ఈ ఎండలు మీకు తెల్వనియి కావు గదా.

నిన్న పొద్దున ప్రిన్సిపాల్ సారొచ్చిండు. వెనక బాటనీ లెక్చరర్, చేతిల టేపు! అప్పుడే నా రూం కొలుస్తాండు! నేను బకెట్ మూత తీసిన. సారు దస్తీ ముక్కుకు అడ్డం పెట్టుకున్నడు. ఆ నీళ్లు టెస్ట్‌ట్యూబ్‌ల మేక నెత్తురు గడ్డ మీద పోసిన. బకెట్ నీళ్లల్ల కలిసి మరీ పల్చబడ్డదేమో, ఎంతసేపు చూసినా గడ్డ చెక్కుచెదరలే. ఇంక దాచేదేమున్నది, జరిగిందంత చెప్పిన.

"పేగునే తిన్నదంటే ఎంజైమ్ పనిచేస్తాంది గదా సార్!"

"చేస్తాంది. మనిషికి ఎక్కిస్తే గడ్డ కరుగుతది, మరి నరం మిగులుతదా?" అన్నడు సారు.

"అదే కనుక్కుంట సార్, మళ్ల మొదటి నుంచి చేస్త" అన్న.

సారు బాటనీ ఆయన కోసం వెనక్కి తిరిగిండు. ఆయన ఎప్పుడో వరండ చివరికి చేరిండు! ముక్కు పట్టుకొని అక్కడి నుంచే కేకేసిండు: "నాకా రూం వద్దు సార్! ఆయన్నే ఉంచుకోమనుండ్రి!"

నా రీసెర్చ్ అట్ల నిలబడింది. నా సైన్స్ బలం కాదు, అంతా దాని కంపు బలం!