రోఖుస్ తీసుకున్న కొలత

రోఖుస్ అంటే మా ప్లాట్నర్ వంశంలో ఎవరికీ పడదు, నాకు అసలే పడదు. మనిషి పోయి ఇరవై ఏళ్లయినా ప్రతి ఆదివారం చర్చిలో మోకాళ్లు పట్టుకుని ఆయన్ని తిట్టుకుంటాను.

ఆయన వడ్రంగి. మా చర్చి గోపురం మీద మంచు నిలవకుండా జారిపోతోందంటే దానికి పరిచిన చెక్కపెంకులు ఆయన చేతివే. రంపంతో కోసిన చెక్క నీళ్లు తాగుతుందని, ప్రతి పెంకునీ గొడ్డలితోనే చీల్చేవాడు. పనికి వంక పెట్టలేం. నోరు మాత్రం విషం.

ఆ చర్చి కట్టి నాలుగు వందల ఏళ్లు. వాగులోంచి కొండ మీదికి రాళ్లు మోయించిన పదకొండు ఇళ్లకి పదకొండు బల్లలు, వాటి మీద ఇంటిపేర్లు. మోసిన కూలీలకి వెనక, గంట తాళ్ల కింద నిలబడే చోటు. తర్వాత కిటికీలు పెద్దవి చేశారు, పైకప్పు కమానులకి బంగారు పూత పూశారు, ఈ పద్ధతి మాత్రం మార్చలేదు. రోఖుస్‌ది కూలీల వంశం.

వాళ్లమ్మ క్రెసెంట్స్ నాలుగడుగుల మనిషి. కాళ్లు వాచి ఉండేవి. ఒక పండగనాడు మా బల్ల చివర కూర్చుంది. అప్పుడు నాకు పదేళ్లు. మా నానమ్మ వచ్చి ఆవిడ ఎదురుగా నిలబడింది.

"లేమ్మా. ఇది మా ఇంటి బల్ల."

"కాళ్లు నిలవట్లేదమ్మా. ప్రసంగం అయ్యేదాకా కూర్చుంటాను."

"మా తాతలు రాళ్లు మోయించారు గనక కూర్చుంటున్నాం. మీవాళ్లేం చేశారు?"

"మోశారు" అన్నాడు వెనకనుంచి రోఖుస్.

ఆవిడ లేచేదాకా ఫాదర్ ప్రసంగం ఆపి చూస్తూ ఉన్నాడు. ఆవిడ లేచింది.

కొన్నేళ్లకి బల్లలు పురుగు పట్టాయి. కొత్తవి చేయడానికి రోఖుస్ తప్ప దిక్కులేదు. అమ్మకి కూర్చునే చోటిస్తేనే చేస్తానన్నాడు. మా నాన్నతో సహా పెద్దలంతా సరేనన్నారు. పని సగంలో ఉండగా, ఈస్టర్‌కి ముందు ఆవిడ చచ్చిపోయింది. మావాళ్లు హమ్మయ్య అనుకున్నారు. సిగ్గుమాలిన మాటే, కానీ నిజం.

ఈస్టర్‌నాడు కొత్త బల్లల మీద కూర్చున్నాం. మోకాళ్లు గడ్డాలకి తగిలాయి. మోకరిస్తే ముందు చెక్క రొమ్ముకి గుచ్చుకుంది.

"ఎవరి కొలత తీసుకున్నావయ్యా?" అన్నాడు ఫాదర్.

"మా అమ్మది."

"ఆవిడ పోయిందిగా."

"మీరంతా ఉన్నారుగా. కూర్చోండి."

బల్లల కాళ్లు నేలలోకి దించేసి ఉన్నాయి. పెరికితే గచ్చు లేస్తుంది, గచ్చు కింద మా పూర్వీకుల సమాధులు. అందుకని ఎవరూ ముట్టుకోలేదు. రోఖుస్ మాత్రం చచ్చేదాకా తాళ్ల కిందే నిలబడి, మేం ముడుచుకుని కూర్చోవడం చూసేవాడు. మేం పలకరించలేదు, ఆయనా పలకరించలేదు.

ఆయన పోయిన మరుసటి ఏడు, నానమ్మకి ఎనభై ఎనిమిది. నడుం వంగి, కుంచించుకుపోయి, ఇంతే మిగిలింది. ఒక ఆదివారం పూజ జరిగినంతసేపూ కదలకుండా కూర్చుంది. బయటికొచ్చాక నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"వచ్చేవారం నన్ను తీసుకురాకురా."

"ఏం నానమ్మా, కాళ్లు నొప్పా?"

"లేదు. ఆ బల్ల నాకు అతికినట్టు సరిపోయింది."