చలికి నిలబడ్డ గోంగూర

నాకు కోపం తొందరగా వస్తుంది, తొందరగా పోతుంది. మా ఆవిడనడిగినా ఇదే చెబుతుంది. కింది ఫ్లోర్ బావ మీద వచ్చిన కోపం మాత్రం పోలేదు. పోగొట్టుకోవాలని కూడా నాకు లేదు.

బావ అంటే చుట్టరికమేమీ కాదు. ఇద్దరిదీ గుంటూరు జిల్లా, ఇక్కడ సౌదీలో అభా అనే ఊళ్ళో ఇద్దరం ఒకే బిల్డింగులో ఉంటాం. ఆయన ఒక కాంట్రాక్టు కంపెనీలో సైట్ ఇంజినీరు. ఎన్నో ఏళ్ళుగా ఇక్కడే ఉన్నాడు కాబట్టి అరబ్బీ గడగడా మాట్లాడతాడు. నేను ఆస్పత్రిలో ఎక్స్‌రే మిషన్లు బాగుచేస్తాను. నా అరబ్బీ సలాంతో మొదలై షుక్రాన్‌తో అయిపోతుంది. మెట్ల మీద మొదటిసారి ఎదురుపడ్డప్పుడే ఆయన 'ఏం బావా, మనోడివేనా' అన్నాడు. ఆ పిలుపుకే నేను పడిపోయాను.

సౌదీ అంటే ఎండలూ ఇసకా అనుకుంటారు మనవాళ్ళు. అభా కొండల మీద ఉంది. చలికాలం పొద్దున్నే ట్యాంకు నీళ్ళు ముట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోతాయి, ఒక్కోసారి వడగళ్ళు కూడా పడతాయి. గోంగూరకి ఈ చలి అస్సలు పడదు. పైగా దానికో మొండితనం ఉంది, పొద్దు తగ్గితే గానీ పూతకి రాదు. పూత నిలిచి కాయ ముదిరేలోపు చలి వచ్చి మీద పడుతుంది. ఆకు తినొచ్చు గానీ గింజ చేతికి రాదు.

మొదటి ఏడు మేడ మీద డ్రమ్ముల్లో ఇరవై మొక్కలు వేస్తే పందొమ్మిది నల్లబడి చచ్చాయి. ట్యాంకు పక్కన గోడమూల ఉన్న ఎర్రకాడ మొక్క ఒక్కటే బతికింది. దాన్ని జానెడు ఎత్తుకి నరికి, చుట్టూ గోనెసంచి కట్టి, ఎండెక్కాక విప్పుతూ, పొద్దు వాలకముందే మళ్ళీ కప్పుతూ చలికాలం దాటించాను. ఎండలు రాగానే అది చిగురించింది. ఆ ఏడు పూత కూడా ముందుగానే వచ్చింది. కాయల నూగు వేళ్ళకి గుచ్చుకుంటున్నా పట్టించుకోకుండా గుప్పెడు గింజలు ఒలిచాను. వాటినుంచి వచ్చినవాటిలో చలికి వాడిపోయినవి పప్పులోకి పోయాయి, నిలబడ్డవి గింజకి ఉంచాను. అలా నాలుగో చలికాలానికి గోనె కట్టకుండానే ఏడు మొక్కలు నిటారుగా నిలబడ్డాయి. బాలింతకి కూడా ఇంత సేవ ఎవరూ చేసి ఉండరని మా ఆవిడ వెక్కిరించేది. వెక్కిరిస్తూనే రోజూ పైకొచ్చి లెక్కపెట్టుకునేది.

ఆ గోనెసంచులు బావ తన సైట్ నుంచి తెచ్చినవే. శుక్రవారం వస్తే చాలు, పైకొచ్చి తనే ఆకు కోసుకునేవాడు. ఆయన భార్య మా ఆకుతో పట్టే పచ్చడికి పేరు కూడా ఉంది. మా కష్టంలో ఆయనకీ వాటా ఉందనే నేను అనుకున్నాను.

గోంగూర పైకి పెరిగేకొద్దీ ఆకు ఐదు వేళ్ళుగా చీలుతుంది, అంచున రంపపు పళ్ళు వస్తాయి. గంజాయి ఆకు ఎరిగినవాడెవడైనా ఒకసారి ఆగి చూస్తాడు. 'ఏం బావా, గంజాయి తోట ఎలా ఉంది?' అనేది ఆయన రోజువారీ పలకరింపు. నేనూ నవ్వేవాడిని. ఊళ్ళో ఆడుకునే ఎగతాళి ఈ దేశంలో ఆడకూడదన్న ఇంగితం ఇద్దరికీ లేకపోయింది. అంతవరకూ తప్పు నాది కూడా.

నేను డ్రమ్ముల మధ్య కూర్చుని ఉండగా ఒక శుక్రవారం ఆయన ఫోటో తీశాడు. అందరూ నవ్వుకోవాలని 'మా బావగారి గంజాయి తోట' అని హిందీలో రాసి తన కంపెనీ గ్రూపులో పెట్టాడు. ఆ ఫోటో ఆ గ్రూపు దాటి ఎవరెవరి ఫోన్లకో పోయి చివరికి ఎవరో అరబ్బీలోకి మార్చిన రాతతో మా బిల్డింగు ఓనరు దగ్గరికి చేరింది. ఓనరు మంచివాడే, పెద్దాయన. తన ఇంటి మీద గంజాయి అనేసరికి హడలిపోయి పోలీసులకి చెప్పాడు. ఈ సంగతంతా తర్వాత ఓనరే ఫోన్ చూపించి నాకు చెప్పాడు.

ఒక పొద్దున నేను డ్యూటీకి బయల్దేరుతుంటే ఇద్దరు పోలీసులొచ్చి నన్ను మేడ మీదికి తీసుకెళ్ళారు. కూర, తింటాం అని చేతులతో, నోటితో, నాకొచ్చిన నాలుగు ముక్కలతో చెప్పి చూశాను. వాళ్ళకి ఎక్కలేదు. మీ దేశం వాళ్ళు బిల్డింగులో ఇంకెవరైనా ఉన్నారా అని అడిగారు. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. ఉన్నాడు, కిందే ఉన్నాడన్నాను.

బావ వచ్చాడు. నా మొహం వంక చూడలేదు. ఇదేం మొక్కో తెలుసా అని ఆఫీసరు అడిగాడు.

"మా అరఫ్," అన్నాడు బావ. నాకు తెలియదు అని. ఆ మాట అర్థమయ్యేంత అరబ్బీ నాకూ వచ్చు. తనెప్పుడూ ఈ మేడ మీదికి ఎక్కలేదని చేతులూపి మరీ చెప్పాడు. ఆయన తెచ్చిన గోనెసంచులు ఆయన కాళ్ళ దగ్గరే మడతపెట్టి ఉన్నాయి.

ఒక్క మాట చాలు. కర్కదే అంటే ఇక్కడ అందరికీ తెలుసు, ఎర్రగా పుల్లగా తాగే పూల కషాయం. గోంగూర దాని చెల్లెలేనని నాకు చెప్పింది ఈ మహానుభావుడే. ఆ ముక్క నాకు భయంలో తట్టలేదు. ఆఫీసులో రోజూ అదే తాగే ఆయనకి ఎందుకు తట్టలేదు? నోరు పడిపోయిందా?

మధ్యాహ్నం దాకా స్టేషన్లో కూర్చున్నాను. నన్ను ఈ దేశంలో ఉండనిచ్చే ఇకామా కార్డు వాళ్ళ బల్ల మీద ఉంది. ఈ దేశంలో గంజాయి కేసంటే ఏమిటో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. మా ఆవిడ ఇంట్లో ఒక్కతే ఉందన్న ఆలోచన తప్ప ఇంకేమీ రాలేదు. చివరికి వ్యవసాయ శాఖ నుంచి ఒక సూడానీ పెద్దాయన వచ్చి, ఆకు తుంచి నమిలి, పులుపుకి ఒక కన్ను మూసి, కర్కదే జాతి అని నవ్వాడు. పోలీసులు నాకు టీ ఇచ్చి, క్షమించమని చెప్పి పంపారు. వాళ్ళ మీద నాకేం లేదు. ఇంటికొచ్చి మేడ ఎక్కితే డ్రమ్ములు బోర్లా పడి ఉన్నాయి. వేళ్ళతో సహా పీకి పట్టుకుపోయారు, గింజల డబ్బా కూడా. అవి ఎక్కడ పారేశారో కనుక్కోలేకపోయాను.

శుక్రవారం బావ వచ్చాడు, చేతిలో గోంగూర పచ్చడి సీసాతో. పిల్లలు చదువుకుంటున్నారనీ, ఎగ్జిట్ కొట్టి ఇండియా పంపేస్తే రోడ్డున పడతామనీ, నోరు పెగల్లేదనీ చెప్పుకుపోయాడు. నాకు వినబుద్ధి కాలేదు. కానీ ఆయన దగ్గర మా గింజలున్నాయి. సౌదీలోనే ఖోబర్‌లో ఉన్న తన తమ్ముడికి పంపిస్తానంటే రెండు నెలల కింద పొట్లం కట్టి ఇచ్చాను. అవి మొలిస్తే చాలు, ఆయన్ని క్షమించేద్దామనే అనుకున్నాను. నిజం.

"గింజలేవి?" అన్నాను.

"ఇంకా పంపలేదు బావా. ఇంట్లో ఉంచుకోడం భయమేసి బాత్రూంలో పోసి ఫ్లష్ చేసేశా."

"ఎప్పుడు?"

"ఆ రోజే. గేటు దగ్గర జీపు ఆగింది చూడు, అప్పుడు."

పోలీసులు నా తలుపు కొట్టకముందే ఈయన కిటికీలోంచి చూశాడన్నమాట. చూసి, తన ఫోటో పుణ్యాన జీపు నాకోసమే వచ్చిందని గ్రహించి, తన ఇల్లు శుభ్రం చేసుకున్నాడు. పైనున్న నాకు ఒక్క ఫోన్ చేయలేదు. మాట పెగలకపోవడం వేరు, ఇది వేరు.

మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి బల్ల మీది సీసా తీసి ఆయన చేతిలో పెట్టింది.

"ఇదేంటో మాకు తెలీదు అన్నయ్యగారూ. తీసుకెళ్ళండి."

ఆయన మెట్లు దిగేదాకా ఆగి, తలుపేసి, ఆవిడ అక్కడే కూలబడి ఏడ్చింది. మా మొక్కల ఆకు ఇక ఆ సీసాలోదే మిగిలింది.