షాద్‌నగర్‌లో రెండు వేల రూపాయల చుట్ట

నల్గొండలో సిగార్ల గురించి మాట్లాడే అర్హత ఉన్న మనిషిని బహుశా నేనొక్కణ్ణే. ఈ హోదా ఊరికే రాలేదు. కొన్నేళ్ళ కింద హైదరాబాద్‌లో ఓ రిసెప్షన్‌కి పోతే ఎవరో పెద్దమనిషి నా చేతిలో ఒక సిగార్ పెట్టాడు. సగం తాగేసరికి తల తిరిగి కుర్చీలో కూలబడ్డాను. అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఊరుకోకుండా దాని మీద ఓ వారపత్రికకి పేజీన్నర వ్యాసం రాశాను. సగం సిగార్‌కి పేజీన్నర, అదీ నా పాండిత్యం.

ఆ వ్యాసాన్ని దాచిపెట్టుకున్న ఏకైక పాఠకుడు మా అక్క వియ్యంకుడు వీరేశం. ఆయనది షాద్‌నగర్. జడ్చర్ల దగ్గరున్న ఒక మందుల కంపెనీకి పనివాళ్ళని చేరవేసే బస్సులు నడుపుతాడు. దసరా అయిన వారానికి ఆయన నుంచి ఫోన్ వచ్చింది.

"బావా, దీపావళికి మా కంపెనీ పెద్దసారుకు ఇద్దామని ఒక పెట్టె సిగార్లు తెప్పిచ్చిన. ఒక్కోటి రెండు వేలు. అసలువో నకిలీవో నాకేం ఎర్క? నువ్వు జర వచ్చి చూసిపో."

బర్రెని కొనేముందు పళ్ళు చూడటానికి తెలిసినవాణ్ణి తీసుకుపోతారు కదా, అట్లాంటి పిలుపు. నాకు లోపల ఎంత గర్వంగా ఉన్నా "తీరిక లేదు బావా" అన్నాను. ఆయన రెండోసారి అడిగే లోపలే ఒప్పుకున్నాను.

అక్కకి మాత్రం సిగార్‌తో పనిలేదు. ఆమె బిడ్డ శిరీషని వీరేశం కొడుక్కిచ్చి ఏడాది కాలేదు. పిల్ల ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. అక్క భర్త ఇంకా మగ్గం మీదే ఉన్నాడు, ఆ నేతతోనే చదివించాడు. ఇప్పుడు శిరీషకి మామగారి బస్సులు పోయే కంపెనీలోనే, నాణ్యత పరీక్షించే విభాగంలో ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి. వీరేశం రెండు వారాలుగా అవుననడు, కాదనడు. తాను గేటు దగ్గర చేతులు కట్టుకుని నిలబడే చోట కోడలు కుర్చీలో కూర్చోవడం ఆయనకి మింగుడుపడటం లేదని మా అనుమానం. అల్లుడు మంచివాడే, కానీ తండ్రి ఎదుట అతనికి నోరు లేదు.

గురువారం పొద్దున అక్క నల్గొండ బస్టాండ్‌కి వచ్చి టిఫిన్ డబ్బా చేతిలో పెట్టింది. "నీ చుట్ట ఏమన్నగానీ, పిల్లను పనికి పోనిచ్చెటట్టు మాట్లాడి రా. గాళ్ళ ఇంట్ల నోరు జర అదుపుల పెట్టుకో. నువ్వు గోడ రంగు మంచిగలేదన్నా అది నా బిడ్డ మీదికే వస్తది" అంది.

అక్క భయం అన్యాయం కాదు. నేను దేన్నీ మెచ్చుకున్న దాఖలా లేదు. మా ఇంట్లో నేను అన్నం తిని ఏమీ అనకుండా లేస్తే ఆ పూట వంట బ్రహ్మాండమని అర్థం.

ఈ దారిన పోదలచిన పాఠకులకి ఒక మాట. హైదరాబాద్ మీదుగా పోతే తొందరగా చేరతారని అందరూ చెబుతారు. వాళ్ళెవరూ ఎల్బీనగర్ చౌరస్తాలో గంటసేపు బస్సులో కూర్చుని ఉండరు. నేను ఆరున్నరకి మహబూబ్‌నగర్ బస్సెక్కాను. కొండమల్లేపల్లి, దేవరకొండ, కల్వకుర్తి మీదుగా జడ్చర్లలో దిగి, అక్కడ షాద్‌నగర్ పోయే బస్సు పట్టుకోవాలి. బస్సు నిండా ఆడవాళ్ళే. వాళ్ళకి ప్రయాణం ఉచితం కాబట్టి ఆధార్ కార్డులు చూపించి దర్జాగా కూర్చున్నారు. డబ్బులు పెట్టి టికెట్ కొన్న నేను కొండమల్లేపల్లి దాకా నిలబడ్డాను.

అక్కడ ఒక రైతు పక్కన సీటు దొరికింది. బిడ్డకి ఇవ్వడానికి సంచి నిండా బత్తాయిలు తీసుకుపోతున్నాడు. ఊరు, పేరు, కులం, పిల్లలెందరు అన్నీ అడిగి, "ఏం పని మీద పోతున్నవ్ సారూ?" అన్నాడు.

"చుట్ట రుచి చూసి చెప్పాలి" అన్నాను.

"చుట్ట కోసం షాద్‌నగర్ దాంక పోతవా? మా ఊళ్ళె దొరుకుతది గద!"

"అది ఒక్కటి రెండు వేలు."

ఆయన కిటికీ బయటికి చూస్తూ వేళ్ళ మీద లెక్క కట్టాడు. పత్తి చేలు పోతున్నాయి. "రెండు వేలంటే నాలుగు నాటుకోళ్ళు. కాల్చుకుంటె కోళ్ళన్న కాల్చుకోవాలె గని, గదేం బుద్ధి?" అని ఒక బత్తాయి తీసి నా చేతిలో పెట్టాడు, రోగికి పెట్టినట్టు.

జడ్చర్లలో బస్సు మారాను. బాలానగర్ దగ్గర రోడ్డు పక్కన గంపలకొద్దీ సీతాఫలాలు. షాద్‌నగర్‌లో దిగేసరికి పన్నెండు దాటింది. ఈ ఊరికి ఎన్నిసార్లు పోయినా ప్రతిసారీ దారి అడగాల్సిందే. పోయినసారి గుర్తుపెట్టుకున్న ఖాళీ జాగాలో ఈసారి నాలుగంతస్తుల మేడ ఉంటుంది.

వీరేశం ఇంటి గురించి చెప్పాలంటే చాలా ఉంది. తెల్ల గ్రానైట్, బంగారు రంగు గేటు, గేటు మీద రెండు సింహాలు. వాటిలో ఒకటి పిల్లిలా ఉంది. అక్క మాట గుర్తొచ్చి దాని గురించి మాట్లాడలేదు. బగారన్నం, నాటుకోడి కూర పెట్టారు. కూరలో ఉప్పు కొంచెం ముందుకుపోయింది. దాని గురించీ మాట్లాడలేదు. శిరీష అత్తగారు రాజమణి మాత్రం మాట్లాడింది.

"ఏమో అన్నా, మీ పిల్ల చేతి వంట! మొన్న మిక్సీ కాలిపాయె, నిన్న కుక్కర్ మూత పట్టకపాయె. చదువుకున్న చెయ్యి గద, సామాన్లు తట్టుకుంటలేవు" అంది. ఈ విద్యలో ఆమె నాకంటే రెండాకులు ఎక్కువే చదివింది.

భోజనమయ్యాక శిరీష నన్ను మేడ మీదికి తీసుకుపోయింది. అక్కడ మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి. పిల్ల మొహం వెలిగిపోతోంది.

"మామా, నీకొక్కనికే చెప్తున్న. గా సిగార్లు వచ్చిన్నాడు పెట్టె తీసి చూసిన. అన్నీ మెత్తగ, చెమ్మచెమ్మగ ఉన్నయి. బూజు పడితె రెండు వేలది ఒక్కోటి పాడైపోతది గద అని రోజూ గీ మిరపకాయల పక్కన ఎండబెట్టిన. పెట్టెల ఒక చిన్న తడి ప్యాకెట్ ఉండె. అదే చెమ్మ చేస్తాందని పారేసిన. మా తాత చుట్టలు గిట్లనే ఎండబెట్టెటోడు గద? ఇప్పుడు గలగలమంటున్నయి. నువ్వు మంచిగున్నయనంగనే మా మామయ్యకు చెప్త. గప్పుడన్న సంతోషపడి నౌకరికి ఒప్పుకుంటడు."

సిగార్ గురించి నాకు నిజంగా తెలిసిన విషయం ఒకే ఒక్కటి. దాన్ని చెమ్మలోనే ఉంచాలి. ఎండిందంటే దాని పని అయిపోయినట్టే. ఆ తడి ప్యాకెట్‌ని సిగార్లు చేసినవాడు పెట్టిందే అందుకు. నలభై వేల పైచిలుకు సరుకుని మా పిల్ల ఎంతో శ్రద్ధగా, ఎంతో ప్రేమగా వరుగు చేసి పెట్టింది.

"బిడ్డా..." అన్నానో లేదో, కింద నుంచి వీరేశం కేకేశాడు. "బావా! రా, మొదలుపెడదాం!"

హాల్లో సోఫాలు గోడలకి జరిపారు. వీరేశం పెట్టెని కొత్త తువ్వాలలో చుట్టి, పసిపిల్లని తెచ్చినట్టు తెచ్చాడు. సిగార్ కొస కత్తిరించడానికి ఏదో ప్రత్యేకమైన పనిముట్టు ఉంటుందట. అది లేదు కాబట్టి రాజమణి వక్కలు కత్తిరించే అడకత్తెర తెచ్చింది. నేను ఒక సిగార్ తీసి రెండు వేళ్ళతో మెల్లగా నొక్కాను. అప్పడంలా పటపటమంది. దాని పై ఆకు పెచ్చులు పెచ్చులుగా రాలి గ్రానైట్ మీద పడింది. శిరీష తలుపు దగ్గర నిలబడి నవ్వుతూ చూస్తోంది.

నిజం చెబుతున్నాను. ఆ క్షణంలో నా నోట్లో ఎంత మంచి వాక్యం సిద్ధంగా ఉందో! మామూలు రోజైతే ఆ పెట్టెనీ, దాన్ని కొన్నవాణ్ణీ, అడకత్తెరనీ కలిపి ఒక్క దెబ్బలో కొట్టేవాణ్ణి. ఆ వాక్యాన్ని మింగి సిగార్ వెలిగించాను.

చీపురుకట్ట మండినట్టు భగ్గున మండింది. మొదటి దమ్ముకే గొంతులో ఎవరో గరుకు కాగితం పెట్టి రుద్దినట్టయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఎట్లుంది బావా?" వీరేశం ముందుకు వంగాడు.

"అద్భుతం" అన్నాను. "చూశావా, కళ్ళలో నీళ్ళొచ్చాయి. మొదటి దమ్ముకి తోలు వాసన తగులుతుంది. తర్వాత కాఫీ. ఆ తర్వాత వాన వెలిసిన అడవి."

సిగార్ల మీద రాసేవాళ్ళందరూ ఇవే మాటలు రాస్తారు. వాళ్ళెవరూ తోలు నమిలి చూసి ఉండరని నా నమ్మకం.

"తోలు వాసన కోసం గన్ని పైసలెందుకన్నా?" అంది రాజమణి. "గుమ్మం కాడ చెప్పులున్నయి గద, నాకితె సరిపాయె."

"అసలుదే గద?" వీరేశం అడిగాడు.

"అసలు సిసలుది."

"అయితె సారుకు ఇయ్యొచ్చు."

నా తెలివి అక్కడ దొరికిపోయింది. సిగార్లు తాగే మనిషి పెట్టె తెరవగానే తెలుసుకుంటాడు. అప్పుడు అది వీరేశం బస్సుల దాకా వస్తుంది. అటు తిరిగి, ఇటు తిరిగి మళ్ళీ పిల్ల మీదికే.

"వద్దు బావా" అన్నాను. "ఇంత గొప్పవి ఇచ్చే వస్తువులు కావు, దాచుకునే వస్తువులు. సారుకి బాలానగర్ సీతాఫలాలు రెండు గంపలు పంపు."

వీరేశం నా మొహంలోకి అట్లాగే చూశాడు. శిరీష "మామా, గవి నేనే..." అని ఏదో మొదలుపెట్టింది. నేను దగ్గు అందుకున్నాను. నటించాల్సిన అవసరం రాలేదు. మంచినీళ్ళు తెచ్చి తాగించేదాకా ఆగలేదు.

సాయంత్రం చాయ్ తాగుతూ ఉద్యోగం మాట ఎత్తాను. అంత పొగ మింగాను, ఆ మాత్రం హక్కు ఉందనుకున్నాను. "చూద్దాం తీ బావా" అని ఆయన టీవీ పెట్టుకున్నాడు. ఆ రాత్రి గొంతు మంటతో, పిల్లకి ఏమీ చెయ్యలేకపోయానన్న బాధతో పడుకున్నాను.

శుక్రవారం పొద్దున శిరీష స్కూటీ మీద నన్ను బస్టాండ్‌లో దింపింది. బండి ఆపి, హెల్మెట్ తీసి, "మామా, నేను మా మామయ్యకు చెప్పేసిన" అంది.

"ఏం చెప్పావు?"

"సిగార్లు పాడుచేసింది నేనే అని. నిన్న నువ్వు అద్భుతం అన్నవ్ గద, గప్పుడే నాకు డౌటొచ్చింది. మా పెండ్లి భోజనం గూడ బాగలేదన్నోనివి. నువ్వు మంచిగుందన్నవంటె ఏదో పెద్ద తప్పే అయిందనుకొని ఫోన్ల చూసిన. గంతే, నా పానం పోయింది. పొద్దున లేవంగనే పోయి చెప్పిన."

"ఏమన్నాడు?"

"ఏమనలే. చాయ్ తాగుకుంట ఇన్నడు. 'మీ మామకు ఎర్కనా?' అని మాత్రం అడిగిండు. ఎర్కే అన్న."

"నన్నెందుకు ఇరికించావు తల్లీ!"

"అడిగితె అబద్ధం ఎట్ల చెప్పాలె? భయమైంది మామా. కని నేను చేరేకాడ నా పని గదే గద. సరుకు పాడైతె పాడైందని రాసి సంతకం పెట్టుడు. ఇంట్లనే నోరు మూసుకుంటె ఆడ ఏం చేస్త?"

"మరి ఉద్యోగం?"

"ఏమో. ఏం చెప్పలే." ఆమె కళ్ళు తుడుచుకుని బండి తిప్పింది.

జడ్చర్ల దాకా ఒక బస్సు, అక్కడి నుంచి నల్గొండ బస్సు. ఈసారి కిటికీ పక్క సీటే దొరికింది. అయినా బయటికి చూడబుద్ధి కాలేదు. ఇంత వయసొచ్చి, పిల్లని కాపాడతానని పోయి, దాని ఎదుటే దొంగసాక్ష్యం చెప్పి దొరికిపోయాను. సిగ్గేసింది. పిల్ల ధైర్యానికి గర్వంగానూ ఉంది. సిగార్ ఎట్లా ఉందని అడగబోయే పాఠకులకి చెప్పాల్సింది ఒక్క ముక్కే. ఎండిన సిగార్ ఎంత ఘోరంగా ఉంటుందంటే, దాన్ని పొగడటం కంటే తాగడమే సులువు.

బస్సు కల్వకుర్తిలో ఆగినప్పుడు ఫోన్ మోగింది. వీరేశం. మూడు రింగులయ్యాక ఎత్తాను.

"బావా, ఏడిదాంక పోయినవ్?"

"కల్వకుర్తి."

"మంచిది. ఇను. ఇగ మీద నీ మాట నమ్మ. గంత మొహం పెట్టుకొని గన్ని అబద్ధాలు చెప్పినవ్! నా కోడలు నా ముందల నిలవడి, 'నేనే పాడుచేసిన' అన్నది. నా బస్సు డ్రైవర్లు అద్దం పగలగొట్టి గూడ ఎన్నడు ఒప్పుకోలే."

ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాను.

"కంపెనీ బస్సుకు సోమవారం నుంచి మన ఇంటి ముందల స్టాప్ పెట్టిచ్చిన. ఏడుంబావుకు వస్తది. డ్రైవర్‌కు చెప్పిన, అమ్మ ఎక్కినంకనే కదలాలె అని. మీ అక్కకు నువ్వే చెప్పు."

కళ్ళు తుడుచుకున్నాను. అది పొగ వల్ల కాదు. పక్కన కూర్చున్న ముసలమ్మ నా మొహం చూసి, "మంచి కబురేనా కొడుకా?" అంది. తలూపాను.

"ఇంకోటి" అన్నాడు వీరేశం. "ఆ సిగార్లు నీకు బాగ నచ్చినయి గద. కాఫీ, అడవి, ఏందేందో చెప్తివి. మిగిలినయన్నీ పెట్టెతోని పార్సిల్ కట్టి నల్గొండ బస్సుల ఏసిన. రోజుకొకటి తాగు. తాగినంక ఫోన్ చేసి ఎట్లున్నదో చెప్పాలె. నేను చెవులార ఇంట."

"సంతోషం బావా" అన్నాను. నిజంగానే చాలా సంతోషంగా ఉంది.