తాబేలు గుడ్లకు పాదు

మా మేనత్త భర్తను మావయ్య అని పిలుస్తాను గాని, ఆ మనిషి మీద నాకు గౌరవం ఏనాడూ లేదు. భీమవరం దగ్గర వరిపొలాలను రొయ్యల చెరువులుగా మార్చి బాగా గడించాడు. తొంభైల చివర్లో ఉప్పాడ దాటాక, సముద్రానికి ఎదురుగా స్థలం కొని మేడ కట్టాడు. సముద్రం ఏటేటా ఒడ్డును కోసుకుపోతోందనీ, రోడ్డు పక్కన బండరాళ్ళు గుట్టలుగా పోసింది అందుకేననీ ఊళ్ళోవాళ్ళు చెప్పి చూశారు. గట్టిగా గట్టు వేయిస్తే ఏ నీళ్ళయినా ఆగుతాయని ఆయన వాళ్ళకే పాఠం చెప్పాడు.

గోదావరి కాలవల మధ్య పెరిగిన ఆసాములకు ఒక జబ్బు ఉంది. మా నాన్నకూ ఉండేది. ఎత్తుపల్లాలున్న నేల కంటబడితే ఒంటిమీద జెర్రులు పాకినట్టు అయిపోతారు. దాన్ని చదును చేయాలి, చుట్టూ గట్టు వేయాలి, నీళ్ళు పెట్టాలి. అంతవరకూ అది వాళ్ళ లెక్కలో భూమి కాదు. మేడ ముందున్న ఇసుక దిబ్బను మావయ్య బంజరు అనేవాడు.

ఆ బంజరును ఫాల్గుణంలో చూడాలి. మేక గిట్టలా చీలిన ఆకులతో ఒక తీగ దిబ్బంతా అల్లుకుని ఉండేది. మా అత్త దాన్ని ఇసుక తీగ అనేది. పొద్దున్నే దాని నిండా గరాటుల్లాంటి ఊదారంగు పూలు. ఎండ ముదిరేసరికి ముడుచుకుపోయేవి, మర్నాటికి కొత్తవి. ఇంటి వెనక జిల్లేడు పొదల మీద తుమ్మెదలు. నీళ్ళ అంచున ఉల్లంకి పిట్టలు అలతో పాటు ముందుకీ వెనక్కీ పరుగులు తీసేవి. బండరాళ్ళ సందుల్లోంచి పీతలు బయటికొచ్చి, మన నీడ పడగానే మాయమయ్యేవి. మావయ్య ఆ మేడలో ఉన్నన్నాళ్ళూ పీతను పళ్ళెంలో తప్ప చూడలేదు.

అత్త మాత్రం పొద్దున్నే కాఫీ గ్లాసుతో వెళ్ళి దిబ్బమీద కూర్చునేది. ఏటా శివరాత్రి అటూ ఇటూగా అక్కడికి సముద్రపు తాబేలు వచ్చి గుడ్లు పెట్టి పోయేది. ఇసుక మీద చిన్న ట్రాక్టరు వెళ్ళినట్టు జాడ ఉండేది. అత్త గుడ్లున్న చోటును గుర్తుపట్టి, కుక్కలు తవ్వకుండా రేగుకంప కప్పేది. శ్రీరామనవమి దాటాక ఏదో ఒక రోజు తెల్లవారుతూనే పిల్లలు పైకొచ్చి నీళ్ళలోకి పాకిపోయేవి. ఆవిడకు ఏడాదంతటికీ అదే పండగ.

ఒక ఏడు తాబేలు వచ్చి వెళ్ళిన కొన్నాళ్ళకే అత్తకు కళ్ళలో శుక్లాలకు ఆపరేషను చేయాలన్నారు. రాజమండ్రిలో చేయించుకుని, డాక్టరు ప్రయాణం చేయొచ్చనేదాకా మా ఇంట్లోనే ఉంది. వచ్చేముందు మావయ్యకు ఒక్కటే అప్పజెప్పింది. కుక్కలు రాకుండా చూస్తే చాలు, అంతకుమించి ఏమీ చేయొద్దు అని. ఆమాత్రం తనకు తెలియదా అని ఆయన విసుక్కున్నాడట.

మా ఇంట్లో కంటికి కట్టుతో పడుకుని కూడా ఆవిడ ఆ పిల్లల గురించే మాట్లాడేది. కిందటేడు పిల్లలు వెళుతుంటే నల్లటి చుక్కలు కదిలినట్టుందే తప్ప ఇంకేమీ తెలియలేదట.

“ఈసారి కాళ్ళతో సహా చూస్తానే,” అంది నాతో.

నవమి ముందురోజు నేనే అత్తను దిగబెట్టడానికి వెళ్ళాను. గేటు తీయగానే నాకు దారి తప్పామేమో అనిపించింది. దిబ్బ లేదు. దాని స్థానంలో ట్రాక్టర్లతో తోలించిన నల్లమట్టి, దానిమీద కడియం నర్సరీ నుంచి లారీలో తెప్పించిన లాను గడ్డి, చుట్టూ గట్టు. అచ్చం సముద్రం పక్కన వరిమడిలా ఉంది. పీకేసిన ఇసుక తీగ గోడవార కుప్పగా ఎండిపోయి ఉంది. కలుపంతా తీయించేశానని మావయ్య ఎదురొచ్చి మరీ చెప్పాడు.

అత్త ఆ మాటలేవీ వినిపించుకోలేదు. తిన్నగా గుడ్లున్న చోటికి నడిచింది. అక్కడ, కొబ్బరి మొక్కకు కట్టినట్టు, ఇటుకలతో గుండ్రంగా పాదు కట్టి ఉంది. ఇటుకలకు సున్నం. పాదు నిండా నీళ్ళు.

“ఈ ఎండకి ఆ ఇసుకలో గుడ్లు ఉడికిపోవూ? అందుకని రెండు పూటలా నీళ్ళు పెట్టిస్తున్నా. మోటారు నేనే వేస్తున్నాను అమ్మాయ్,” అన్నాడు నాతో, మెచ్చుకుంటానేమోనని చూస్తూ.

పగతో చేసి ఉంటే తిట్టిపోసి ఊరుకునేదాన్ని. ఇంత ప్రేమగా, ఇంత ఖర్చు పెట్టి, ఇంత బుద్ధిహీనంగా చేశాడు చూడండి, దానికే నాకు ఒళ్ళు మండింది. అత్త పాదు పక్కన కూలబడి బురదలోకి చెయ్యి పెట్టింది. చేతికొచ్చిన గుడ్డు మెత్తగా నొక్కుకుపోయి ఉంది. వాసన నాదాకా వచ్చింది. ఇంకొకటి తీసింది, అదీ అంతే. మూడోదాని కోసం చెయ్యి పెట్టలేదు. బురద చేతిని పచ్చటి లానుకు తుడుచుకుని లేచి, నల్లకళ్ళద్దాలు తీసి ఆయనకేసి చూసింది.

“మిమ్మల్ని వదిలేస్తే సముద్రానిక్కూడా నీళ్ళు పెడతారండి.”

నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఆవిడ ఆయన్ని ఎదిరించి ఒక్క మాట అనడం నేను వినలేదు. మావయ్య నవ్వాడు. నేనూ నవ్వుతానని నావైపు చూశాడు. నేను నవ్వకపోయేసరికి ఆయన నవ్వు మధ్యలో ఆగిపోయింది. ఆ సాయంత్రం మోటారు వేయలేదు.

వానాకాలంలో సముద్రం వచ్చి లానునూ గట్టునూ గోడలో సగాన్నీ పట్టుకుపోయింది. మేస్త్రీ సిమెంటు తక్కువ కలిపాడని మావయ్య తేల్చాడు. మరుసటి ఫాల్గుణానికి పక్క దిబ్బ మీదనుంచి ఇసుక తీగ పాకి, ఒరిగిపోయిన ఇటుకల మీద పూసింది. దానికి నీళ్ళు పెట్టమంటావా అని మావయ్య గుమ్మంలో నిలబడి అడిగాడు, అదీ గొంతు తగ్గించి. అక్కర్లేదంది అత్త.

తాబేలు మాత్రం మళ్ళీ ఆ ఒడ్డుకు రాలేదు. అత్తకు అప్పటికి చూపు చాలా బాగా ఆనుతోంది. రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసుతో కూర్చుని, ఏ జాడా లేని ఇసుకను నీళ్ళ అంచుదాకా చూసి లోపలికి వచ్చేసేది.