సుమారు లేని ఇంటికప్పు

రేపల్లెలో వెంకటరాఘవయ్య గారి ముందు 'సుమారు' అన్న మాట అనకూడదు. తిట్టినా ఊరుకునేవారు. సుమారు అంటే మాత్రం కళ్ళజోడు తీసి, పంచె అంచుతో తుడిచి, "అంటే ఎంత?" అనేవారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఆయన అరుగు దిగిన మనిషిని నేను ఒక్కణ్ణే చూశాను.

తప్పు ఆయనది కాదు, ఉద్యోగానిది. భట్టిప్రోలు దగ్గర కాలవ లాకు మీద ముప్ఫై ఒక్క ఏళ్ళు నీటిమట్టం చదివి పుస్తకంలో రాశారు. పావు అంగుళం తేడా వచ్చినా కింది పొలాల రైతులు కర్రలు పట్టుకుని వచ్చేవారట. రిటైరయ్యాక కాలవ అక్కడే ఉండిపోయింది, కొలిచే అలవాటు మాత్రం ఆయనతో పాటు రేపల్లె వచ్చేసింది.

బావమరిది బాపట్ల నుంచి "సుమారు నలుగురం వస్తున్నాం" అని కార్డు రాస్తే, "నలుగురా, అయిదుగురా? సుమారు మనిషికి విస్తరి ఎలా వెయ్యమంటావు?" అని మర్నాటి టపాలోనే జవాబు వెళ్ళింది. ఆ బావమరిదే ఒకసారి ఆయన్ని సూర్యలంక సముద్రానికి తీసుకెళ్ళాడు. అందరూ నీళ్ళలో ఆడుకుంటుంటే ఈయన ఇసుకలో కర్ర పాతి, దాని మీద గీతలు పెట్టి కూర్చున్నారు. సాయంత్రం ఒక అల వచ్చి కర్రను పట్టుకుపోయింది. "పద్ధతి లేని నీళ్ళు" అని లేచి వచ్చేశారట.

నేను వడ్రంగిని. ఎవరి దగ్గరా కూర్చుని నేర్చుకోలేదు. పాడైనవి విప్పి చూసి నేర్చుకున్నాను. మాటలు ఎక్కువైన ఇళ్ళలో తలుపులు సరిగా పడవని నా అనుభవం. ఆయన చెప్పిన కొలతకు కోస్తే రెండోసారి చిత్రిక పట్టే పని ఉండేది కాదు. అందుకే ఆయన కబురు పెడితే మిగతా పనులు ఆపి వెళ్ళేవాణ్ణి.

అరవై తొమ్మిది మే నెల గాలివానకు ఆయన పెంకుటిల్లు సగం బోడి అయింది. పెరటిగోడ వెనక రాజమ్మ పాకకు తాటాకు ఒక్కటి మిగల్లేదు. వాసాలు మాత్రం పక్కటెముకల్లా నిలబడ్డాయి. రాజమ్మ విస్తళ్ళు కుట్టి హోటళ్ళకు వేసే ఒంటరి మనిషి. నోరు పెద్దది, ఇల్లు చిన్నది. గాలివాన మర్నాటి నుంచి ఆకుల కట్టలతో సహా ఆయన అరుగు మీదే మకాం.

పది రోజులకు దండోరా వేశారు. కప్పు పోయిన ఇంటికి సర్కారు కొత్త రేకులు ఇస్తుంది. ఒక డోరు నంబరుకు ఒకటే కప్పు. దండోరా నాటి నుంచి పదిహేనో రోజున ఇన్‌స్పెక్టరు వచ్చి చూస్తాడు, ఆలోగా ఇంట్లో ఏ కప్పుకు రేకులు కావాలో రాసివ్వాలి. రాజమ్మ పాకకు డోరు నంబరు లేదు కనుక ఆమె పేరు ఎవరూ రాసుకోలేదు.

వీధిలో అందరికీ ఫారాలు రాసిపెట్టే గౌరీశంకరం ఈయన దగ్గరికీ వచ్చాడు.

"ఏముంది బాబాయిగారూ, కప్పు మొత్తం పోయిందని రాస్తాను, సంతకం పెట్టండి."

"మొత్తం పోలేదుగా."

"పోనీ, సుమారు మొత్తం..."

కళ్ళజోడు చేతిలోకి వచ్చింది. గౌరీశంకరం ఫారం అక్కడే వదిలి, అరుగు దిగి, చెప్పులు మర్చిపోయి వెళ్ళాడు.

మర్నాటి నుంచి ఆయనా నేనూ ఇంటి మీదే. సర్కారును అడగాలా వద్దా తేలాలంటే, గాలికి పోయిన పెంకులు ఎన్నో ముందు తేలాలన్నారు.

"ఇది గాలికి కాదు, కొబ్బరికాయ పడి పగిలింది. అంచున పాకుడు చూడు. ఇది అరవై ఆరులో కోతి పగలగొట్టింది."

"కోతి మీకు చెప్పిందాండి?"

"నేను చూశాను. బుధవారం."

కింద నుంచి ఆయన భార్య దుర్గాంబ గారు కేకేశారు. "వానలు వచ్చాక కూడా అక్కడే కూర్చుని లెక్కపెట్టండి. నేను వంటింట్లో గొడుగు పట్టుకుని పులుసు పెడతాను."

"పెద్ద గొడుగు వద్దు. దానికి రెండు పుల్లలు విరిగాయి" అన్నారు ఈయన పైనుంచి.

దండోరా వేసి పన్నెండు రోజులు గడిచాయి. ఫారం ఖాళీగానే ఉంది. వీధంతా నవ్వుతోంది. రాజమ్మ మాత్రం ఉండబట్టలేకపోయింది.

"నాకే నంబరుంటే ఈపాటికి రాసిచ్చి కాళ్ళు చాపుకుని పడుకునేదాన్ని. నంబరున్నోళ్ళేమో పెంకుల పుట్టినరోజులు చూస్తన్నారు."

"నీ పాక పొడవెంత?" అన్నారాయన.

"నేను పడుకుంటే కాళ్ళు గుమ్మానికి తగుల్తాయండి."

"నీ ఎత్తెంత?"

"ఎవరు కొలిచారు బాబుగారూ?"

ఆయన టేపు పట్టుకుని పాకలోకి వెళ్ళి గంటసేపు కొలిచి వచ్చారు. అలవాటు కొద్దీ కొలుస్తున్నారనుకున్నాను.

పద్నాలుగో రోజు పొద్దున్నే కబురు వస్తే వెళ్ళాను.

"పున్నారావూ, రాజమ్మ వాసాల తలలకూ నా పెరటిగోడకూ మధ్య సందు ఆరుంపావు అంగుళాలు."

"అయితే ఏంటండి?"

"వాసాలు నా గోడ మీద ఆనితే అది పాక కాదు, నా ఇంటి వసారా. నా డోరు నంబరే."

నాకు అర్థం కావడానికి కాస్త పట్టింది. "మరి మీ ఇల్లండి? ఒకటే కప్పన్నారుగా. తెనాలిలో కూడా ఇప్పుడు పెంకు దొరకడం లేదు."

"ఉన్న పెంకులన్నీ వంటింటికీ పడకగదికీ సర్దు. పన్నెండు వందల నలభై కావాలి. పన్నెండు వందల ముప్ఫై ఆరు ఉన్నాయి."

"నాలుగు తక్కువండి."

"దుర్గ గొడుగుంది."

"హాలు ఆకాశం కింద ఉండిపోతుందండి."

"ఉండనీ. బాపట్ల వాళ్ళు రావడం తగ్గుతుంది."

ఆయన ఇంటి పాత వాసం ముక్కలతోనే అతుకు వేశాను. పాత కర్రకు పాత కర్రే నప్పుతుంది. ఏడు వాసాలు, ఏటవాలు కోత, ఒక్కో దానికి రెండు చెక్క మేకులు. వేలు పెట్టి రాసినా అతుకు తగలకూడదు, తగల్లేదు. నా చేతి మీద అంత మంచి పని అంతకు ముందు కాలేదు, అది ఎవరికీ చూపించుకోవడానికి లేదు. కోతలు తెల్లగా కనపడుతున్నాయని దిగులు పడుతుంటే, దుర్గాంబ గారు గరిటె నిండా పొయ్యి మసి తెచ్చి ఇచ్చారు. "ఇంత చాలుట. ఆయనే కొలిచి పంపారు."

మర్నాడు ఇన్‌స్పెక్టరు జగన్నాథరావు గారు వచ్చారు. పెరటి వసారా కప్పు పోయిందని రాసిన ఫారం చూశారు, వాసాలు చూశారు, గోడ చూశారు.

"ఇది మీ ఇంట్లో భాగమేనాండి?"

"వాసాలు గోడ మీద ఆనాయి కదండి."

"ఎప్పటి నుంచి ఆనాయి?"

కోతి వచ్చిన వారం చెప్పగల మనిషి, నిన్న పన్నెండు గంటల నలభై నిమిషాల నుంచి అని చెప్పేస్తారనుకున్నాను. రాజమ్మ జన్మలో మొదటిసారి నోరు మూసుకుని నిలబడింది. ఆయన కళ్ళజోడు తీశారు. తుడిచారు. మళ్ళీ తుడిచారు.

"సుమారు..." అన్నారు.

నా చేతిలో బాడిస జారి కాలి పక్కన పడింది.

"సుమారంటే ఎంతండి?" అన్నారు ఇన్‌స్పెక్టరు.

"సుమారంటే సుమారేనండి. అన్నీ కొలుచుకుంటూ కూర్చుంటామా?"

లోపల దుర్గాంబ గారికి పొలమారింది. ఇన్‌స్పెక్టరు ఒక వాసం మీద వేలు పెట్టి రాశారు. వేలు నల్లబడింది. నా అరచేతులు చూశారు. అవీ నల్లగానే ఉన్నాయి. రుమాలు తీసి వేలు తుడుచుకుని, "బాగా పాత వసారాయే" అంటూ సంతకం పెట్టారు.

వానలకు ముందే రాజమ్మ ఇంటి మీద రేకులు ఎక్కాయి. మొదటి వాన కురిసిన రోజు నేను వెళ్ళేసరికి దుర్గాంబ గారు చిన్న గొడుగు కింద పులుసు పెడుతున్నారు. ఆయన పుల్లలు విరిగిన పెద్ద గొడుగు వేసుకుని అరుగు మీద కూర్చుని రేకుల మీద వాన చప్పుడు వింటున్నారు. రాజమ్మ తడుస్తూ వచ్చి విస్తళ్ళ కట్ట ఆయన ముందు పెట్టింది.

"మీకోసం తెచ్చానండి."

"ఎన్ని?"

"సుమారు పాతికుంటాయండి."

ఆయన చెయ్యి కళ్ళజోడు దాకా వెళ్ళింది. అక్కడే ఆగింది. నెమ్మదిగా కిందికి దిగింది.

"సరే, లోపల పెట్టమ్మా."

ఆమె గుమ్మం దాటేదాకా ఆగి, నా వైపు వంగి, ఎవరికీ వినపడకుండా అన్నారు: "ఇరవై మూడు."