నువ్వెక్కడున్నావు అని అడిగే మాస్టారు

మాస్టారు పోయారన్న కబురు మధ్యాహ్నం అన్నాలవేళ తెచ్చాడు వాళ్ళ వీధి చివర కిళ్ళీకొట్టాయన. బెజవాడ గవర్నర్‌పేటలో లారీ పార్సిలు ఆఫీసులో గుమాస్తాని నేను. కొండపల్లి నుంచి వచ్చిన బొమ్మల పెట్టెలు దింపిస్తున్నాను అప్పుడు. ఆయన గుమ్మం బయటే నిలబడి, "అమ్మగారు మిమ్మల్ని రమ్మంటున్నారండీ" అన్నాడు.  పెట్టెలు అలాగే వదిలేసి బయల్దేరాను.

వెళ్ళేసరికి మాస్టార్ని ముందు వసారాలో చాప మీద పడుకోబెట్టారు. ఆర్నెల్లుగా గొంతుకి చుట్టి ఉన్న గుడ్డని ఎవరో తీసేశారు. కేన్సరుకి కరెంటు పెట్టించినచోట చర్మం నల్లగా మాడి, గొంతు పక్కన చిన్న గుంట పడి ఉంది. నేను తల తిప్పుకున్నాను. ఒకప్పుడు ఆ గొంతు పద్యం ఎత్తుకుంటే పక్క క్లాసు లెక్కల మాస్టారు పాఠం ఆపేసి వినేవారు.

కంకిపాడు హైస్కూల్లో నాకు తెలుగు చెప్పారాయన. మాది సముద్రం ఒడ్డున చేపలు పట్టుకుని బతికే ఇల్లు. మా పేటలో హైస్కూలు దాకా వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. హాస్టల్లో ఉండేవాణ్ణి. నా యాస విని తక్కిన పిల్లలు నవ్వేవారు. మాస్టారు నవ్వేవారు కాదు, అలాగని వాళ్ళని కోప్పడేవారూ కాదు. "ఆ మాట మళ్ళీ అనవోయ్, నాకు తెలీదది" అని అడిగి, అర్థం చెప్పించుకుని, నల్లబల్ల మీద అందరిచేతా రాయించేవారు. గాలి దిక్కుల పేర్లు అప్పటికే పోయిన మా నాన్న నోట తప్ప అప్పటిదాకా నేనెక్కడా వినలేదు. వాటిని సుద్దముక్కతో రాసి ఉండగా మొదటిసారి చూసింది ఆయన క్లాసులోనే.

నేను బెజవాడలో ఉద్యోగంలో చేరిన కొన్నాళ్ళకి ఆయన రిటైరై, గవర్నర్‌పేటలోనే రెండు గదుల వాటా అద్దెకి తీసుకున్నారు. బజార్లో కనిపిస్తే నమస్కారం పెట్టేవాణ్ణి. బాగున్నావా అంటే బాగున్నానండి. అంతవరకే. ఉప్పెన రాకపోయి ఉంటే మా పరిచయం అక్కడితో ఆగిపోయేదేమో.

ఉప్పెనలో మా అమ్మా తమ్ముడూ పోయారు. తమ్ముడు దొరికాడు. అమ్మ దొరకలేదు.

మళ్ళీ పనిలోకి వచ్చిన రోజుల్లో నేను ఎవరితోనూ మాట్లాడేవాణ్ణి కాదు. లారీవాళ్ళు అడిగినదానికి తల ఊపేవాణ్ణి. ఒకరోజు మాస్టారు చేతిలో గొడుగుతో ఆఫీసుకి వచ్చారు. పాపం అనలేదు, దేవుడి దయ అనలేదు.

"అన్నం తిన్నావా?"

"తిన్నానండి."

"ఎక్కడ తిన్నావు?"

 ఏం తిన్నానో, అసలు తిన్నానో లేదో నాకే తెలియదు. ఆయన మా ఓనరుతో ఏదో చెప్పి నన్ను వాళ్ళింటికి తీసుకెళ్ళారు. అమ్మగారు పప్పుచారు పోశారు.  చెయ్యి కడుక్కున్నాక మాస్టారు అన్నారు: "చెప్పడం నీవల్ల కాదులా ఉంది. రాయి. నేనూ నా కథ రాసుకుంటున్నాను. పాఠాలు చెప్పినంత సులువుగా లేదు. నాకూ రావట్లేదు. ఇద్దరం నేర్చుకుందాం."

అలా మొదలయింది. ఆదివారం పొద్దున్నే వెళ్ళేవాణ్ణి. ఆయన వసారాలో పడక్కుర్చీలో కూర్చుని, ఆరిపోయిన చుట్టని వేళ్ళమధ్య తిప్పుతూ ఉండేవారు. రాసింది నాచేతే పైకి చదివించేవారు. వాక్యం నచ్చకపోతే మాట్లాడేవారు కాదు, పెన్సిలు వెనకవైపుతో కుర్చీ చేతిమీద టకటకా కొట్టేవారు. ఆ చప్పుడంటే నాకు ఇంటర్వ్యూల కన్నా భయం.

నేను మొదట తీసుకెళ్ళింది సముద్రం గురించి. ప్రళయకాల రుద్రుడిలా కెరటాలు లేచాయనీ, తాటిచెట్టంత నీటిగోడ ఊళ్ళను మింగిందనీ, పసిపాపల ఆర్తనాదాలు మిన్నుముట్టాయనీ రాశాను. రాస్తున్నప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది కూడా. రెండు వాక్యాలు కాకుండానే పెన్సిలు మొదలైంది.

"ఆ కెరటం నువ్వు చూశావా?"

"లేదండి."

"మరి ఆ వేళకి నువ్వెక్కడున్నావు?"

"ఇక్కడేనండి, బెజవాడలో. హోటల్లో."

"ఏం చేస్తున్నావు?"

ఎందుకు అడుగుతున్నాడీయన అనిపించింది. "వానకి బయటికి రాలేక కూర్చున్నానండి. పెసరట్టు తిన్నాను. వాన తగ్గకపోతే ఇంకోటి చెప్పాను."

మాస్టారు చుట్ట పక్కన పెట్టారు. "అది రాయి."

నాకు కోపం వచ్చింది. కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను. మా అమ్మ నీళ్ళల్లో కొట్టుకుపోతుంటే నేను పెసరట్టు తిన్నానని రాయమంటాడా అని దారిపొడుగునా తిట్టుకున్నాను. కొన్ని ఆదివారాలు అటు వెళ్ళలేదు. ఆయన కబురు పంపలేదు. చివరికి ఒక సాయంత్రం గదిలో కూర్చుని, "మా ఊళ్ళోకి సముద్రం వచ్చిన వేళ నేను హోటల్లో రెండో పెసరట్టు చెప్పాను" అని రాశాను. ఆ తర్వాత ఎవరో తోసినట్టే చెయ్యి నడిచింది. బస్సు అవనిగడ్డ దగ్గర ఆగిపోవడం, అక్కణ్ణించి బురదలో నడక, ముళ్ళకంపల మీద చీరలు, కొన్ని చీరల్లో మనుషులు, కిరసనాయిలు పోసి తగలబెడుతున్న కుప్పలు. కుప్పలో చేర్చబోతుంటే తమ్ముణ్ణి నేను మొహం చూసి పోల్చుకోలేదు, చొక్కా చూసి పోల్చుకున్నాను. దీపావళికి గవర్నర్‌పేటలో నేనే కొనిచ్చిన గళ్ళ చొక్కా అది. కాలరు దగ్గర అమ్మ వేసిన కుట్టు ఇంకా ఉంది. అన్నీ రాశాను.

ఆ కాగితాలు చదువుతున్నప్పుడు పెన్సిలు కదలలేదు. వంటింటి గుమ్మంలో అమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. నేను చదవడం ఆపాక మాస్టారు, "ఏడుపు చదివేవాడికి వదిలిపెట్టావు. అదీ పద్ధతి" అన్నారు. ఇంకో మాట కూడా అన్నారు. "పెద్ద మాట రాయబుద్ధయినప్పుడల్లా లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగిరా." ఇది రాస్తూ ఇప్పటికే చాలాసార్లు లేచాను.

మరుసటి వేసవికి ఆయన గొంతు బొంగురుపోయింది. చుట్ట మానెయ్యమని అమ్మగారు ఎప్పణ్ణించో పోరుతూనే ఉన్నారు. మానేశారు గానీ అప్పటికే ఆలస్యం అయింది. పెద్దాసుపత్రిలో కరెంటు పెట్టారు. గొంతు పూర్తిగా పోయింది. పాలు, గంజి తప్ప దిగేవి కావు, కొన్నాళ్ళకి అవీ గొట్టంలోంచే. పలక మీద రాసి చూపించేవారు. అలాంటి రోజుల్లో ఒక ఆదివారం తన కథ కట్ట నా చేతిలో పెట్టి పలక మీద రాశారు: "మొహమాటం లేకుండా చదువు."

చక్కటి రాత. ఆయన చిన్ననాటి చదువు, వారాలు చేసుకుని తిన్న ఇళ్ళు, బదిలీలు, కంకిపాడు, మేము, అన్నీ ఉన్నాయి. ఒకచోట మాత్రం ఒక్క వాక్యం ఉంది. "మాకొక ఆడశిశువు కలిగి, బాల్యంలోనే కాలధర్మం చెందినది." దాని తర్వాత వెంటనే కొత్త హెడ్మాస్టరుగారి సంగతి.

ఆ పాప సంగతి హాస్టల్లో అందరికీ తెలుసు. నేను అక్కడ చేరడానికి ముందే కాలువ రేవులో జారి పోయింది. మాస్టారు వస్తుంటే రేవు దగ్గర ఈతలు కొట్టకూడదని పెద్ద పిల్లలు మాకు చెప్పేవారు. ఎవరూ చెప్పకపోయినా అక్కడ ఆయన మొహం చూస్తే తెలిసేది.

 మొహమాటం లేకుండా చదవమన్నది ఆయనే. "మాస్టారూ, ఈ వాక్యం దగ్గర మీరెక్కడున్నారండీ?" అన్నాను.

ఆయన నావైపు చూడలేదు. పలక ఒళ్ళో పెట్టుకుని వీధిలోకి చూస్తూ కూర్చున్నారు. నేను లేచి వచ్చేస్తుంటే పలక ఎత్తి చూపించారు. "బళ్ళో. సంధులు చెబుతున్నాను."

"అది రాయండి మాస్టారూ" అన్నాను. 

ఆ నెలంతా రాశారు. మనిషి ఎముకల గూడయిపోయారు, చేతిరాత వంకరలు పోయింది. అయినా రోజూ కాస్త. పూర్తయ్యాక నన్ను పిలిపించి, కాగితాలు ఇచ్చి, అమ్మగారి వైపు వేలు చూపించారు. ఆవిడకి కళ్ళల్లో శుక్లాలు, చదువుకోలేరు. ఆవిడ కత్తిపీట ముందు కూర్చుని బెండకాయలు తరుగుతున్నారు. "ఏమిటి నాయనా అది?" అన్నారు. నేను చెప్పకుండానే చదవడం మొదలుపెట్టాను.

పాపకి అప్పుడు నాలుగేళ్ళు. ఆ పొద్దున తనతో బడికి వస్తానని మారాం చేసిందనీ, రేపు తీసుకెళ్తానని చెప్పి బయల్దేరాననీ, సందు మలుపులో వెనక్కి తిరిగి చూస్తే ఎర్ర గౌనుతో గుమ్మంలో నిలబడి ఉందనీ రాశారు.

కత్తిపీట చప్పుడు ఆగింది.

"ఎర్ర గౌను కాదు" అన్నారు అమ్మగారు. "ఎర్రది ముందురోజే ఉతికి ఆరేశాను. ఆకుపచ్చ పరికిణీ."

మాస్టారు తల అడ్డంగా ఊపారు. పలక అందుకుని "ఎరుపే. నాకు గుర్తుంది" అని రాశారు. నేను చదివి వినిపించాను.

"ఏవండీ, ఆ తడి పరికిణీ పిల్ల ఒంటిమీంచి విప్పింది నేను. నాకు తెలీదా?"

 మాస్టారు నా చేతిలోంచి కాగితం తీసుకుని, ఎర్ర గౌనన్న మాట కొట్టేసి, పైన ఆకుపచ్చ పరికిణీ అని దిద్దారు. ఆవిడ బెండకాయల పళ్ళెం పక్కకి నెట్టి దగ్గరికి జరిగారు. 

"ఇన్నేళ్ళలో ఒక్కసారైనా నన్ను అడిగారా మీరు, ఆ పూట నువ్వెక్కడున్నావే అని? పెరట్లో అప్పడాలు ఎండేస్తున్నా. పిల్ల ముందువాకిట్లో ఆడుకుంటోందనుకున్నా. అడుగుతారు, అడుగుతారు అని ఎదురుచూశా. అడగలేదు."

మాస్టారు పలక మీద చాలాసేపు రాశారు. అక్షరాలు ఒకదానిమీదొకటి పడ్డాయి. నేను కూడబలుక్కుని చదివాను. "అడిగితే నీదే తప్పన్నట్టు ఉంటుందని అడగలేదు."

"అడక్కపోతేనే కదండీ, నాదే తప్పని మనసులో పెట్టుకున్నారనుకున్నాను" అన్నారావిడ.

నేను లేచి వీధిలోకి వచ్చేశాను. అక్కడ ఇంక నా పని లేదు. ఎంతసేపు నిలబడ్డానో. సిటీబస్సులూ రిక్షాలూ పోతూనే ఉన్నాయి. ఒకసారి తొంగిచూస్తే ఆవిడ చెబుతున్నారు, ఆయన వంగి రాసుకుంటున్నారు.

ఆ తర్వాత ఆయన ఎక్కువ రోజులు లేరు. తేలిగ్గా పోయారని చెప్పను, తేలిగ్గా పోలేదు. ఆఖరి రోజుల్లో ఊపిరి కోసం చేతులతో మంచంపట్టె పట్టుకున్న తీరు నేను చూశాను. కథ పూర్తి కాలేదు. రిటైరైన దగ్గర ఆగిపోయింది. అచ్చు వేయించాలని ఆయనకీ లేదు, అమ్మగారికీ లేదు. నేను మాత్రం ఆయన పుణ్యాన మనిషిలా నలుగురిలో మాట్లాడుతున్నాను. అమ్మ గురించి అడిగితే దొరకలేదని చెప్పగలుగుతున్నాను. ఆ ఒక్క మాట నోట రావడానికి నాకు అన్ని ఆదివారాలు పట్టింది.

కర్మకాండ మాస్టారి తమ్ముడి కొడుకు చేశాడు. చుట్టాలు వెళ్ళిపోయాక అమ్మగారు నన్ను పిలిచి, "నన్ను ఒకసారి కంకిపాడు తీసుకెళ్తావా నాయనా?" అన్నారు. సెలవు పెట్టి బస్సులో తీసుకెళ్ళాను. వాళ్ళు కాపురమున్న ఇంటిచోట ఇప్పుడు రైసుమిల్లు గోడౌను ఉంది. రేవు మాత్రం అలాగే ఉంది. ఒకావిడ బట్టలుతుకుతోంది. మమ్మల్ని చూసి తడిబట్టలు పక్కకి లాక్కుని చోటిచ్చింది.

"ఎవరి తాలూకమ్మా?" అంది.

"ఇక్కడే ఉండేవాళ్ళం. మా పిల్ల ఈ రేవులోనే పోయింది" అన్నారు అమ్మగారు.

ఆవిడ ఎత్తిన బట్ట ఎత్తినట్టే ఆపేసింది. "అయ్యో తల్లీ. ఏం పేరమ్మా?"

అమ్మగారు పేరు చెప్పారు. మాస్టారు తన రాతలో అంతటా పాప అనే రాశారు. ఆ పేరు నేను వినడం అదే మొదలు. బట్టలావిడ దాన్ని మెల్లగా ఒకసారి తనూ పలికింది, తన ఇంట్లో పిల్లని పిలిచినట్టు. అమ్మగారు చెప్పులు విడిచి, నా చెయ్యి పట్టుకుని రెండు మెట్లు దిగారు. చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని చీలమండల లోతు నీళ్ళల్లో నిలబడ్డారు. కాలువ నిండుగా, చప్పుడు లేకుండా, దిగువకి పోతోంది. గట్టు మీద మేము తిరిగి ఎక్కాల్సిన బస్సు హారన్ కొట్టి వెళ్ళిపోయింది. అమ్మగారు తల తిప్పలేదు.